మజిలీల లెక్క వ్రాసిన మహనీయుడు: ఏనుగుల వీరాస్వామయ్య

దేశాటనం వలన లోకజ్ఞానం కలుగుతుందని మన పెద్దలు ఎరిగినదే. అయితే తాము నడచిన దారిని తరువాత నడిచేవారికి ఉపకరించేటట్లు వ్రాసి ఉంచినవారు మనలో మిక్కిలి అరుదు. అట్టివారిలో అగ్రగణ్యుడు ఏనుగుల వీరాస్వామయ్య. ఆయన కాశీయాత్ర చరిత్ర తెలుగులో తొలి యాత్రాగ్రంథమని విద్యార్థులకు చెప్పుతూనే ఉన్నాము. కాని తొలి అన్న ఆ ఒక్క మాటతోనే పాఠం ముగించడం న్యాయం కాదు. తొలిది కావడం కాలం ఇచ్చిన గౌరవం. ఉపయోగకరం కావడం రచయిత స్వయంగా సంపాదించుకొన్న గౌరవం.

వీరాస్వామయ్యగారు చెన్నపట్టణంలోని తెలుగు నియోగి కుటుంబంలో జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయారు. ఆస్తిపాస్తుల అండ లేని ఆ బాలునికి భాషలే ఆస్తి అయినవి. తెలుగు, అరవం, సంస్కృతం, ఇంగ్లీషు నేర్చి, చిన్నవయస్సులోనే కుంపినీవారి కచేరీలలో ప్రవేశించి, క్రమక్రమంగా చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసీ పదవికి ఎదిగినారు. దుబాసీ పని సామాన్యమైనది కాదు. ఒకరు చెప్పినది మరొకరికి అర్థమయ్యేటట్లు, ఎక్కువ తక్కువలు లేకుండా చెప్పవలె. మాట తప్పితే న్యాయమే తప్పుతుంది. ఈ అలవాటే తరువాత ఆయన లేఖినికి వన్నె తెచ్చినది.

1830వ సంవత్సరం మే 18వ తేదీన ఆయన కాశీయాత్రకు బయలుదేరినారు. మన దేశంలో తొలి ప్రయాణికుల రైలు బొంబాయిలో కదలినది 1853లో. అప్పటికి ఇంకా ఇరువది మూడేండ్ల గడువు ఉన్నది. పల్లకీలు, బోయీలు, డేరాలు, సామాను మోసే మనుషులు, బంధువులు, పరిచారకులు అందరూ కలిసి దాదాపు నూరుమంది పరివారం. ఇంతమందికి ప్రతిదినం బియ్యం, నీరు, వంటచెరకు, రాత్రి తలదాచుకొనే చోటు సమకూర్చవలసిన భారం యజమానిది. ఒక్క మజిలీలో అంచనా తప్పితే నూరు కడుపులు మాడవలసినదే.

ఆయన తిరుపతి, కడప, అహోబలం మీదుగా నల్లమల అడవులు చొచ్చి శ్రీశైలం చేరినారు. ఆ కొండదారిలో చెంచుల సహాయం లేక యాత్రికునికి గడవదు. అదిగాక కందనూరు నవాబుకు యాత్రికులు పన్ను చెల్లించుకోవలె. ఆపైన కృష్ణ దాటి నిజాము రాజ్యంలో ప్రవేశించి హైదరాబాదు చేరినారు. నాసిరుద్దౌలా సింహాసనం ఎక్కి అప్పటికి ఒక్క యేడే అయినది. రాజ్యవ్యవహారాలు చందూలాలు చేతిలో ఉన్నవి. వీరాస్వామయ్యగారు బేగంబజారును, మూసీనదిని, రెసిడెంటు కోఠీని, సికింద్రాబాదు లష్కరును చూచి, నగరవాసుల ఆయుధధారణను, అధికారుల తీరును, జమీందారుల కలహాలను గ్రహించి వ్రాసినారు.

ఆనాడు హుస్సేన్‌సాగరుకు ఆవలి ప్రాంతమంతా నగరానికి వెలుపలిదే. ఆ చెరువుకు పడమటగా ఉన్న పంజాగుట్టలో నేడు మెట్రోరైలు ఎక్కిన విద్యార్థి నిమిషాలలో సికింద్రాబాదు చేరుకొంటున్నాడు. ఎక్కడ నీరు దొరుకునో, ఏ ఊరిలో బియ్యపు అంగడి ఉన్నదో తెలిసికోవలసిన అగత్యం అతనికి లేదు. అందువల్లనే ఈ గ్రంథం విలువ ఒక్క చూపులో తెలియదు. దారి కష్టాన్ని ఊహించుకోగలిగితేనే దారి లెక్క విలువ తెలుస్తుంది.

వర్షకాలంలోనే ఆయన గోదావరి దాటి నిర్మల, నాగపురం, జబల్పూరుల మీదుగా ప్రయాగకు, అటనుండి కాశికి చేరినారు. గయలో విధులు నెరవేర్చి, గంగానదిపై పడవలో కలకత్తా దిశగా సాగినారు. అచ్చటనుండి జగన్నాథం, గంజాం, శ్రీకాకుళం, విశాఖపట్టణం, రాజమహేంద్రవరం, నెల్లూరు మీదుగా 1831 సెప్టెంబరు 3వ తేదీన స్వస్థలం చేరినారు. పదునైదు నెలలకు పైగా సాగిన ప్రయాణమది.

ఇదే కాలాన లోకంలో మరొక మూల మరొక యాత్ర ఆరంభమైనది. వీరాస్వామయ్యగారు తిరిగివచ్చిన నాలుగు మాసాలలోపుననే, 1831 డిసెంబరు 27వ తేదీన, చార్లెస్ డార్విన్ బీగిల్ ఓడలో ఇంగ్లండు విడిచినాడు. దక్షిణ అమెరికాలోని అర్జెంటీనా మైదానాలలో 1833లో అతడు గుర్రంపై సాగించిన ప్రయాణం గమనించదగినది. అచ్చటి సేనాని రోసాస్ ఇచ్చిన అనుమతిపత్రం చేత ధరించి, సైనికుల ఠాణా తరువాత ఠాణా దాటుతూ, గౌచోలనే పశుపాలకుల వెంట నడిచి, వారు పెట్టిన మాంసమే తిని, ఆరుబయట నేలపైననే పండుకొన్నాడు. 1835లో ఆండీసు పర్వతాలను కంచరగాడిదల సహాయంతో దాటినాడు. మెడలో గంట కట్టిన ఒక ఆడుగుర్రం ముందు నడువగా కంచరగాడిదలు దానిని అనుసరించేవి.

మనవారికి చెంచులు, బోయీలు. అతనికి గౌచోలు, కంచరగాడిదలు. దేశమేదైనా బాటసారిని గమ్యం చేర్చేది స్థానికుల నేర్పే. ఒకరు ప్రకృతి రహస్యాలు వెదకినారు, మరొకరు పుణ్యక్షేత్రాలు దర్శించినారు. అయినను ఇద్దరూ చూచినదానిని చూచిన వేడిలోనే వ్రాసుకొన్నవారు. డార్విన్ స్వదేశం చేరిన 1836లోనే వీరాస్వామయ్యగారు కీర్తిశేషులైనారు.

యాత్రాకాలంలో ఆయన తన మిత్రులైన కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లగారికి వృత్తాంతం వ్రాసి పంపుతూ వచ్చినారు. పిళ్లగారు దానిని గ్రంథంగా కూర్చి 1838లో ప్రకటించినారు. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు విపులమైన పీఠికతో, వివరణలతో దానిని తిరిగి వెలుగులోనికి తెచ్చినారు. ఊరికీ ఊరికీ నడుమ దూరమెంత, దారి రాళ్లదా, ఇసుకదా, బావులున్నవా, చెరువులున్నవా, దినుసులు దొరుకునా, దిగుటకు వసతి కలదా అనే ప్రశ్నలకు అందులో మజిలీ మజిలీకి సమాధానం ఉన్నది. భాష కూడ అట్టిదే. గ్రాంథిక పాండిత్యం చూపక, హిందూస్తానీ పదాలను వదలక, నోటి మాటతోనే వ్రాసినారు. వ్యావహారిక భాషోద్యమం తలయెత్తడానికి సుమారు ఎనుబది యేండ్ల ముందే ఇది జరిగినది.

ఆయన తీర్పులన్నీ మనకు సమ్మతం కానక్కరలేదు. కుంపినీ కొలువులో ఎదిగినవారు కనుక ఆ ప్రభుత్వంపై గౌరవదృష్టి ఆయనకు అధికం. కాలానికి తగిన కులాచార భావాలూ కలవు. ఉపాధ్యాయులు ఈ సంగతి దాచకుండా విద్యార్థులకు చెప్పవలె. అభిప్రాయాలను పరీక్షించి గ్రహించి, వాస్తవాలను భద్రంగా నిలుపుకొనడమే చరిత్ర చదివే పద్ధతి.

నీరున్న బావిని కనుగొన్న బాటసారి తన దాహం తీర్చుకొని సాగిపోవచ్చును. వెనుక వచ్చేవానికి ఆ బావి గుర్తు చెప్పి సాగడం వేరు. ఆయన పుణ్యార్థమే బయలుదేరినారు. గంగాస్నానం చేసినవారు ఆనాడు వేలమంది ఉండిరి; వారి ఫలం వారితోనే పోయినది. దారి లెక్క వ్రాసిన వీరాస్వామయ్యగారి పుణ్యం మాత్రం నేటికీ చదువరులందరికీ దక్కుతున్నది.