రుడాల్ఫ్ డీజిల్

హైదరాబాదునుండి నాగపురమునకు పోవు 44వ జాతీయ రహదారిపై, రామాయంపేట దాటి కామారెడ్డి చేరకమునుపే భిక్నూరు వచ్చును. రాత్రియనక పగలనక ఆ దారిని లారీలు బారులు తీరి పోవుచుండును. ధాన్యము, సిమెంటు, ఇనుము మొదలగు సరకులను మోయు ఆ బండ్లలో అధికభాగము డీజిలు నూనెతో నడచునవియే. రహదారి ప్రక్కన లారీ నిలిపి, ఇంజనుపై వంగి పనిచేయు మెకానిక్కును, అతని చెంత దిగులుతో నిలుచున్న డ్రైవరును ఆ ప్రాంతపు పిల్లలు తఱచుగ చూచుచునే యుందురు. డీజిలు అను మాట దినమునకెన్ని మారులు వారి చెవిని పడునో లెక్కలేదు. అది నూనెకు పేరని అందఱును తలంతురు. నిజమున కది యొక మనుష్యుని పేరు. ఆ మనుష్యుడు ఏబదియైదేండ్లు జీవించి, ఒకనాటి రాత్రి సముద్రమధ్యమున కనుమఱుగయ్యెను.

రుడాల్ఫ్ డీజిల్ 1858వ సంవత్సరము మార్చి 18వ తేదీన పారిసు నగరమున జన్మించెను. అతని తల్లిదండ్రులు ఫ్రాన్సులో స్థిరపడిన జర్మనులు. తండ్రి తోలువస్తువులు చేసి జీవించువాడు. సిద్ధమైన సరకును తోపుడుబండిపై వేసికొని కొనుగోలుదారుల యిండ్లకు చేర్చుట బాలుని పని. తీరిక చిక్కినపుడు అతడు ఆ నగరములోని యంత్రముల ప్రదర్శనశాలకు పోవుచుండెను. పదునెనిమిదవ శతాబ్దమున క్యూన్యో యను ఫ్రెంచివాడు నిర్మించిన ఆవిరిబండి యొకటి అందుండెను. అట్టి వింతలను చూచుట అతనికి మిక్కిలి ప్రియము.

1870లో ఫ్రాన్సునకును ప్రష్యాకును యుద్ధము సంభవించెను. పారిసులోని జర్మనులు ఊరు విడువవలసివచ్చెను. డీజిల్ కుటుంబము ఉన్నదంతయు వదలుకొని లండనునకు చేరెను. అక్కడ దినము గడచుటయే కష్టమాయెను. పండ్రెండేండ్ల రుడాల్ఫును జర్మనీలోని ఆగ్స్‌బర్గు పట్టణమున నున్న బంధువుల యింటికి పంపివేసిరి. ఆ యింటి యజమాని గణితము బోధించు ఉపాధ్యాయుడు. పదునాలుగేండ్ల ప్రాయముననే బాలుడు తాను ఇంజనీరు కాదలచితినని తల్లిదండ్రులకు జాబు వ్రాసెను. కుమారుడు త్వరలో సంపాదనపరుడు కావలెనని వారి కోరిక. అతడు మాత్రము విద్యార్థివేతనము సంపాదించి 1875లో మ్యూనిచ్చి నగరములోని సాంకేతిక విద్యాలయమున చేరెను.

అతడు ఆగ్స్‌బర్గున చదువుకొనునాడు ఒక చిన్న గాజుగొట్టమును చూచి ఆశ్చర్యపడెనని చెప్పుదురు. ఆ గొట్టములోనికి ఒక కడ్డీని వేగముగ నొక్కినచో లోపలి గాలి కుదించుకొని వేడెక్కి, అడుగున నుంచిన దూది వంటి పదార్థము నిప్పంటుకొనును. అగ్గిపుల్లతో పనిలేదు. సైకిలు చక్రమునకు గాలి కొట్టునపుడు పంపు అడుగుభాగము చేతికి వెచ్చగ తగులుట మనకందఱకును అనుభవమే గదా! ఆ వెచ్చదనమే పెద్ద యంత్రమునకు ప్రాణము కాగలదని ఊహించుటలో డీజిల్ ప్రతిభ యున్నది.

మ్యూనిచ్చిలో కార్ల్ ఫాన్ లిండే యను ఆచార్యుడు ఉష్ణశాస్త్రమును బోధించుచుండెను. ఆనాటి ఆవిరియంత్రము బొగ్గులోని వేడిలో నూటికి పది పాళ్ళకు మించి పనిగా మార్చలేకుండెనని, మిగిలినదంతయు వృథాగ పోవుచుండెనని ఆయన పాఠమున వినినది మొదలు డీజిలునకు నిద్రపట్టలేదు. వేడిని వృథాపోనీయని యంత్రమును నిర్మింపవలెనని అతడు సంకల్పించెను. విషజ్వరము వలన పరీక్ష తప్పినను, 1880లో ప్రశంసనీయముగ ఉత్తీర్ణుడై, లిండే స్థాపించిన మంచుయంత్రముల సంస్థలో ఉద్యోగమున ప్రవేశించెను. పదేండ్లకు పైగా పగలు మంచుగడ్డల వ్యాపారము, రాత్రి యంత్రచింతన. 1883లో మార్తా యను యువతిని వివాహమాడెను. వారికి మువ్వురు బిడ్డలు కలిగిరి.

1893 ఫిబ్రవరిలో అతని ఊహకు జర్మను ప్రభుత్వపు పేటెంటు లభించెను. అతడు చెప్పిన పద్ధతి వినుటకు సులభముగనే యుండును. సిలిండరులో ముందు గాలిని మాత్రమే కుదింపవలెను. గాలి మిక్కిలి వేడెక్కును. అప్పుడు నూనెను లోనికి చిమ్మినచో దానంతట అదియే మండి పిస్టనును త్రోయును. నిప్పురవ్వ అవసరము లేదు. కాని కాగితముపై వ్రాసినది ఇనుములో నిలుచుట వేఱు. ఆగ్స్‌బర్గులోని యంత్రశాల యందు 1893 ఆగష్టు 10వ తేదీన మొదటి పరీక్ష జరిగెను. నూనె అంటుకొనినంతనే యంత్రముపై నమర్చిన ఒత్తిడిమాపకము ముక్కలై ఎగిరిపడెను. డీజిల్ ప్రాణాపాయము తప్పించుకొనెను. ఇతరులకు అది పరాజయము. అతనికి మాత్రము అందొక శుభవార్త కనిపించెను. నిప్పు లేకుండగనే నూనె మండినది గదా!

అటుపై నాలుగేండ్లు అతడు చేసిన పనిని వర్ణించుట కష్టము, ఏలననగా అందు ఆర్భాటమేమియు లేదు. యంత్రము ఆగును, విప్పుదురు, చూతురు, ఒక భాగమును మార్తురు, మరల బిగింతురు. ఒకమారు నూనె సరిగా చిమ్మబడదు. ఒకమారు మసి పట్టును. ఒకమారు గాలి కారిపోవును. 1894 ఫిబ్రవరి 17వ తేదీన యంత్రము మొదటిసారి తన బలముతో తాను ఒక్క నిమిషము తిరిగెను. అంతవఱకు పట్టీతో యంత్రమును త్రిప్పుచుండిరి. ఇప్పుడు యంత్రమే పట్టీని లాగుచుండుట గమనించిన పనివాడొకడు మాటలాడక టోపీ తీసి వందనము చేసెనని చెప్పుదురు. సరిగా మూడేండ్లకు, 1897 ఫిబ్రవరి 17న, ష్రోటర్ అను ఆచార్యుడు యంత్రమును అధికారపూర్వకముగ పరీక్షించెను. నూనెలోని వేడిలో నూటికి 26 పాళ్ళకు పైగా పనిగా మారుచున్నదని తేలెను.

పిమ్మట కీర్తియు ధనమును వచ్చెను. 1900లో పారిసు ప్రపంచ ప్రదర్శనమున ఒక డీజిల్ ఇంజను వేరుసెనగ నూనెతో నడపబడెను. మన పొలములలో పండు వేరుసెనగయే! పుట్టిన నగరము తఱిమివేసిన బాలుని యంత్రము ఆ నగరముననే మహాబహుమానము నందెను. కాని తొలిదినములలో అమ్ముడైన యంత్రములు తఱచు చెడిపోయి కొన్నవారి నిందకు కారణమాయెను. పేటెంటు వివాదములు అతనిని పీడించెను. తలనొప్పులు, మనోవ్యథ అతని ఆరోగ్యమును క్రుంగదీసెను. భూముల వ్యాపారమున ధనమంతయు నష్టమాయెను. యంత్రపు దోషమును ఓర్పుతో వెదకి పట్టుకొనిన ఆ మహామేధావి, తన లెక్కల దోషమును మాత్రము సకాలమున చూడలేకపోయెను.

1912లో సెలాండియా యను గొప్ప ఓడ డీజిల్ యంత్రములతో మహాసముద్రములను దాటెను. మఱుసటి యేడు, 1913 సెప్టెంబరు 29వ తేదీ సాయంకాలమున, డీజిల్ ఆంట్‌వర్పు రేవున డ్రెస్డెన్ అను ఓడ నెక్కి ఇంగ్లండునకు ప్రయాణమయ్యెను. మిత్రులతో భోజనము చేసి, ఉదయమున తన్ను లేపుడని చెప్పి గదికి పోయెను. తెల్లవాఱునప్పటికి గదిలో అతడు లేడు, పడక నలగలేదు. కొన్ని దినములకు సముద్రమున నొక మృతదేహము కనబడెను. దాని జేబులోని వస్తువులను చూచి అవి తన తండ్రివేయని కుమారుడు గుర్తించెను. మరణకారణము నేటికిని వివాదాస్పదమే. అప్పుల బాధయే కారణమని పెక్కురు నమ్ముదురు.

అతడు బ్రతికియుండగా ఆ యంత్రము ఇల్లంత యుండెడిది. లారీలో నిముడునంత చిన్నదగుటకు ఇంకను పదేండ్లు పట్టెను. 1920ల నడుమ జర్మనీలో డీజిల్ లారీలు బయలుదేఱెను. మన దేశమున 1954లో జంషెడ్‌పురమున టాటావారు జర్మను సంస్థయగు డైమ్లర్ బెంజి సహాయముతో లారీలు నిర్మింప మొదలిడిరి. అట్లు డీజిల్ పేరు మన ఊళ్ళ రహదారుల కెక్కెను.

ఐతే అతని నాటికి ఎవ్వరును పట్టించుకొనని దోషమొకటి ఆ యంత్రమున దాగియుండెను. మనము పీల్చు గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజని. సాధారణముగ అది దేనితోను కలియదు. సిలిండరులోని మంట మిక్కిలి తీవ్రమైనపుడు మాత్రము అది ప్రాణవాయువుతో కలిసి నత్రజని ఆక్సైడులగును. ఇవి ఊపిరితిత్తులకు హానికరములు. రహదారి ప్రక్కన నివసించువారికి, అందు ముఖ్యముగ పిల్లలకు, ముసలివారికి వీనివలన బాధ హెచ్చు. ఏ తీవ్రమైన వేడికొఱకు డీజిల్ జీవితమంతయు పాటుపడెనో ఆ వేడియే ఈ విషమునకును పుట్టినిల్లు.

దీనికి పిమ్మటివారు కనిపెట్టిన ఉపాయము విచిత్రమైనది. పొగలో కొంత భాగమును చల్లార్చి మరల ఇంజనులోనికే పంపుదురు. ఒకమారు కాలిన ఆ వాయువున ప్రాణవాయువు తక్కువ కావున మంట తీవ్రత తగ్గును, విషవాయువు తక్కువగ పుట్టును. ఎప్పుడెంత పొగ పంపవలెనో అంతకే తెఱచుకొను కవాటము నొకదానిని అమర్తురు. మెకానిక్కులు దానిని ఈజీఆర్ వాల్వు అందురు. 2020 ఏప్రిల్ 1వ తేదీనుండి మన దేశమున భారత్ స్టేజి ఆఱవ నియమములు అమలునకు వచ్చెను. ఈ వాల్వు, మసిని పట్టు జల్లెడ, యూరియా ద్రావణము మొదలగు సాధనములలో తమకు తగినవి చేకొని బండ్లను నిర్మించువారు ఆ నియమములను నెఱవేర్చుచున్నారు.

ఈ వాల్వునకు శత్రువు మసి. పొగలోని మసి, ఇంజనునుండి వచ్చు నూనె ఆవిరి కలిసి తారువలె గట్టిపడి కవాటమును కదలనీయవు. అది తెఱచుకొని బిగిసినచో ఇంజనునకు మంచిగాలి చాలదు. నిలిచియున్న బండి వణకును, ఎత్తు ఎక్కునపుడు బలము తగ్గును, నల్లని పొగ వెడలును. మూసికొని బిగిసినచో డ్రైవరునకు పెద్దగా తేడా తెలియదు. ఎదుటి పలకపై హెచ్చరికదీపము మాత్రము వెలుగవచ్చును. బండి బాగుగనే నడచుచున్నది గదా యని అతడు సాగిపోవును, కంటికి కానరాని విషము దారి పొడవునను వెడలుచుండును. ఈ రెండింటిలో మొదటిది డ్రైవరునకు నష్టము, రెండవది ఊరికి నష్టము. కొందఱు వాల్వునకు అడ్డముగ రేకుముక్క బిగించి పొగదారిని మూసివేయుదురు. బండి చుఱుకుగ నడచుచున్నదని సంతసింతురు. అది మరమ్మతు కాదు, ఇతరుల ఊపిరితో చేయు బేరము.

నల్లపొగ చూడగనే వాల్వు మార్పుమనువాడు నేర్పరి కాడు. గాలిని వడగట్టు ఫిల్టరు మూసికొనిపోయినను, నూనె చిమ్ము ఇంజెక్టరు చెడినను, గాలిగొట్టము చీలినను అట్టి పొగయే వచ్చును. కావున నేర్పరి ముందుగ సులువైన వానిని చూచును. గొట్టములను తడవి చూచును, తీగల కలపులను పరీక్షించును. పిదప స్కానరును తగిలించి, కవాటమెంత తెఱచుకొనవలెనని కంప్యూటరు ఆజ్ఞాపించుచున్నదో, నిజమున కెంత తెఱచుకొనినదో ఆ రెండంకెలను పోల్చును. అవి కలియనిచో ఇంజను చల్లారువఱకు ఆగి వాల్వును విప్పును. మసియే దోషమైనచో శుభ్రపఱచుట చాలును. లోపలి మోటారు కాలినను, కవాటము తన పీఠముపై సరిగా కూర్చుండకున్నను క్రొత్తది వేయక తప్పదు.

క్రొత్త వాల్వు వేయుటకు ముందు గొట్టములోని పాత మసిని గీకి తీయవలెను. లేనిచో క్రొత్తదియు త్వరలోనే బిగిసిపోవును. పాత గాస్కెట్టును మరల వాడరాదు. బోల్టులను ఒకవైపునే కాక అన్నివైపుల సమముగ బిగింపవలెను. కొన్ని బండ్లలో క్రొత్త వాల్వు మూసికొను స్థానమును కంప్యూటరునకు నేర్పవలసియుండును. ఇవన్నియు ముగిసిన పిమ్మట మెకానిక్కు పాత హెచ్చరికను చెఱిపివేసి, ఇంజనును నడిపించి, చెవియొగ్గి వినును. వణకు లేదు, పొగ లేదు, దీపము వెలుగలేదు. అంతటితో తృప్తిపడక, బరువుతో నున్న ఆ లారీని డ్రైవరుతో కూడ కొంతదూరము నడిపి చూచి, తిరిగివచ్చి చేతులు కడుగుకొనును. లారీ భిక్నూరు దాటి కామారెడ్డి వైపునకు సాగిపోవును.