కాలువగట్టున వెలసిన సేవ: జాన్ ఎవరెట్ క్లౌ జీవితం

క్రైస్తవ సేవ అనగానే ఆదివారపు ఆరాధన, ప్రసంగాలు, ప్రార్థన కూటములు, పండుగ వేడుకలు స్ఫురించడం సహజం. ఇవన్నీ దేవాలయపు గోడల లోపల జరిగే కార్యాలు. ఆ గోడల వెలుపల ఆకలితోను, అవమానంతోను నిలిచిన మానవుని విషయంలో సేవకుని కర్తవ్యమేమిటి? ఈ ప్రశ్నకు నూట నలభై ఏళ్లకు పూర్వమే తన జీవితంతో సమాధానం చెప్పిన మహనీయుడు జాన్ ఎవరెట్ క్లౌ. ఒంగోలు ప్రాంతపు ప్రజలు ఆయనను క్లౌ దొరగా నేటికీ స్మరిస్తారు.

క్లౌ 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జన్మించాడు. యౌవనంలో మిన్నెసోటా అడవులలో భూమి కొలతల పనిలో చేరి సర్వే విద్య నేర్చాడు. న్యాయవాదియై రాజకీయాలలో రాణించాలన్నది ఆనాటి ఆయన ఆశయం. కళాశాలలో చదివే రోజులలో ఆయన హృదయం దైవచింతన వైపు మళ్లింది. 1865లో భార్య హారియెట్‌తో కలిసి భారతదేశానికి చేరుకున్నాడు. అప్పటికి నెల్లూరులోని అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఫలితాలు లేక కృశించి ఉంది. దానిని మూసివేయాలన్న ఆలోచన స్వదేశంలోని పెద్దలకు పలుమార్లు కలిగింది. లైమన్ జ్యూయెట్ పట్టుదల వల్లనే అది నిలిచింది. క్లౌ నెల్లూరులో తెలుగు అభ్యసించి, 1866లో ఒంగోలుకు తరలివెళ్లాడు.

అక్కడ ఆయనకు తొలి పరీక్ష ఎదురైంది. పట్టణంలోని అగ్రవర్ణాల కుటుంబాలు తమ బిడ్డలను ఆయన పాఠశాలకు పంపసాగాయి. అదే సమయంలో తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పెరయ్య ద్వారా మాదిగ వాడలలో సువార్త వ్యాపించింది. చెప్పులు కుట్టుకొని, తోళ్లు పదును చేసి బ్రతికే ఆ ప్రజలు ఒంగోలుకు రాసాగారు. వారిని చేర్చుకుంటే తమ బిడ్డలను బడి మాన్పిస్తామని పట్టణ పెద్దలు స్పష్టం చేశారు. పలుకుబడి గలవారి ఆదరణా, ఊరి వెలుపలివారి సాంగత్యమా అన్నది తేల్చుకోవలసి వచ్చింది. క్లౌ దంపతులు ఊరి వెలుపలివారినే ఎన్నుకున్నారు. పెద్దల పిల్లలు బడి వీడి వెళ్లారు.

విశ్వాసంలోకి వచ్చినవారికి క్లౌ విధించిన నియమాలు మూడు. ఆదివారం పని చేయరాదు. చచ్చిన పశువుల మాంసం తినరాదు. విగ్రహాలను పూజించరాదు. వినడానికి ఇవి స్వల్పంగా కనిపించినా, ఊరి జాతరలలో డప్పు వాయించడం మొదలు అనేక వెట్టి కట్టుబాట్లతో ముడిపడిన జీవితాలలో ఇవి పెను మార్పునే తెచ్చాయి. గ్రామ పెద్దలు కినుక వహించారు. పీడనలు పెరిగాయి. క్లౌ ఆ ప్రజల పక్షాన అధికారుల ఎదుట నిలిచాడు. వారి కష్టం తన పరిధిలోనిది కాదని ఏనాడూ తలచలేదు.

1876లో వర్షాలు మొగం చాటేశాయి. 1878 వరకు సాగిన మహాక్షామం దక్షిణ భారతంలోని విస్తార ప్రాంతాలను శ్మశానాలుగా మార్చింది. దేశం మొత్తం మీద అరకోటికి పైగా జనం మరణించారని అంచనా. చెన్నపురి రాజధానిలోని జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. క్షామ నివారణకై ప్రభుత్వం చేపట్టిన పనులలో బకింగ్‌హాం కాలువ త్రవ్వకం ఒకటి. నేడు చెన్నై నగరం నడిబొడ్డున కనిపించే ఆ కాలువ, కృష్ణా డెల్టా కాలువలను చెన్నపట్టణంతో కలిపిన జలమార్గంలో భాగమే. దానిలో కొంత భాగం ఒంగోలుకు సమీపంగా సాగుతుంది.

పని దొరికినా, అంటరానివారని ముద్రపడిన మాదిగలకు పని స్థలంలోను గౌరవం లభించలేదు. అది గ్రహించిన క్లౌ మూడు నాలుగు మైళ్ల త్రవ్వకాన్ని స్వయంగా కాంట్రాక్టుకు తీసుకున్నాడు. యౌవనంలో నేర్చిన సర్వే విద్య ఇక్కడ అక్కరకు వచ్చింది. సంఘ బోధకులే మేస్త్రీలయ్యారు. వేలాది ప్రజలు పలుగు, పార, తట్ట చేతబట్టి వచ్చారు. చేసిన పనికి కూలి సక్రమంగా ముట్టింది. పని విరామాలలో బోధకులు కూలీల నడుమ కూర్చొని వారి కష్టసుఖాలు వినేవారు. అడిగినవారికి క్రీస్తును గూర్చి చెప్పేవారు.

క్లౌ వ్యక్తిత్వం పూర్తిగా వెల్లడైనది ఈ ఘట్టంలోనే. క్షామ కాలంలో వేలమంది బాప్తిస్మం కోరారు. సంఖ్యలే సేవకు కొలత అనుకునేవాడైతే అదే తగిన అదను. కానీ ఆయన సుమారు పదిహేను నెలల పాటు ఒక్కరికైనా బాప్తిస్మం ఇవ్వలేదు. ఆకలిగొన్నవాని చేతిలోని అన్నం విశ్వాసానికి ఎర కారాదన్నది ఆయన దృఢ నిశ్చయం. కూలి పనికి చెందినది. అన్నం ఆకలికి చెందినది. విశ్వాసం హృదయానికి చెందినది. ఒకదానికొకటి మూల్యం కావడానికి ఆయన సమ్మతించలేదు.

క్షామం తగ్గుముఖం పట్టాక, 1878 వేసవి చివరలో గుండ్లకమ్మ తీరాన వెల్లంపల్లి వద్ద జనం గుమిగూడారు. ఇక పంచడానికి తన వద్ద ధనం లేదని ఆయన వారికి తేటతెల్లం చేశాడు. అయినా వారు కదలలేదు. తమకు ధనసహాయం అక్కరలేదనీ, కష్టపడి బ్రతుకుతామనీ, సంఘంలో చేర్చుకుంటే చాలుననీ విన్నవించారు. వారిని విచారించిన పిమ్మట, జూలై 3వ తేదీన ఒక్క దినమందే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ కార్యాన్ని నిర్వహించినవారు తెలుగు బోధకులే. క్లౌ ఆనాడు స్వయంగా బాప్తిస్మం ఇవ్వలేదు.

ఇంత పెద్ద సంఖ్యను విని స్వదేశంలో సందేహించినవారు లేకపోలేదు. క్లౌ వాదోపవాదాలతో కాలం గడపక, విశ్వాసంలోకి వచ్చినవారి బిడ్డల చదువుపై దృష్టి నిలిపాడు. 1880లో ఒంగోలులో ఉన్నత పాఠశాల ఏర్పడింది. తరతరాలుగా అక్షరానికి దూరంగా ఉంచబడిన వాడల నుండి ఉపాధ్యాయులు, బోధకులు బయలుదేరారు. మద్రాసు రాజధానిలోని తెలుగు నేలపై ఇది సామాన్యమైన మార్పు కాదు.

క్లౌ 1910లో అమెరికాలోని రాచెస్టర్‌లో కన్నుమూశాడు. ఆయన జీవితానుభవాలు ద్వితీయ భార్య ఎమ్మా రాషెన్‌బుష్ క్లౌ కృషితో 1914లో గ్రంథరూపం దాల్చాయి. ఒంగోలులో ఆయన పేరిట ఆసుపత్రి వెలసింది.

ఎన్ని ఆరాధనలు జరిపారన్నది సేవకు ఒక లెక్క. ఎవరి పక్షాన నిలిచారు, ఎవరికి పని కల్పించారు, ఎవరి బిడ్డలకు బడి తలుపులు తెరిచారు అన్నది వేరొక లెక్క. క్లౌ మొదటిదానిని విడువలేదు; రెండవదాని కోసం సుఖాన్ని, పెద్దల మన్ననను వదులుకున్నాడు. ఏ మతస్థులకైనా, ఏ విద్యాలయానికైనా ఇది అనుసరణీయమైన మార్గం. చదువుకున్నవారు తమ కంటే వెనుక నిలిచినవారి చేతికి గౌరవంతో ఆసరా అందించిననాడే పాఠశాల ఇచ్చిన విద్య సార్థకమౌతుంది.