గాలిని నమ్ముకున్న బోధకుడు

సంక్రాంతి వచ్చిందంటే మా హాలియాలో మిద్దెల మీదంతా పతంగులే. కాస్త దూరం వెళ్తే నాగార్జునసాగర్ నీళ్లమీద లాంచీలు తిరుగుతుంటాయి. ఈ పతంగిని ఆ పడవకు కడితే ఎలా ఉంటుందని మనకెవరికీ తోచదు. కానీ 200 ఏళ్ల క్రితం ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ఒక బడిపంతులుకు తోచింది. ఆయనే జార్జ్ పోకాక్. మెథడిస్టు సంఘంలో సువార్త బోధకుడు కూడా.

పోకాక్ 1774లో హంగర్‌ఫర్డ్ అనే ఊళ్లో పుట్టాడు. చిన్నతనంలో గాలిపటం దారానికి రాళ్లు కట్టి ఎగరేసేవాడు. పెద్దయ్యాక బ్రిస్టల్‌లో మగపిల్లల బడి నడిపినా ఆ సరదా తీరలేదు. 1824లో పెద్ద గాలిపటానికి కుర్చీ కట్టి, కూతురు మార్తాను అందులో కూర్చోబెట్టి ఆకాశంలోకి లేపాడు. ఆమె క్షేమంగా కిందికి దిగింది. క్రికెట్ చరిత్రలో పేరుమోసిన డబ్ల్యూ.జి.గ్రేస్ ఆ మార్తా కొడుకే!

1826లో ఆయన గాలిపటాలు లాగే బండికి పేటెంటు పొందాడు. నాలుగు తాళ్లను బిగిస్తూ, వదులు చేస్తూ గాలిపటాన్ని కావలసిన వైపు తిప్పేవాడు. పడవలకూ అదే పద్ధతి వాడాడు. తెరచాప ఎంత పెద్దదైనా స్తంభం ఎత్తును దాటదు. గాలిపటమైతే ఇంకా పైకెళ్లి, అక్కడి బలమైన గాలిని అందుకుని పడవను లాగుతుంది. ఓడ ప్రమాదాల్లో చిక్కుకున్న నావికులను కాపాడటానికీ ఇది పనికొస్తుందని ఆయన నమ్మకం. తన అనుభవాలను 1827లో పుస్తకంగా ప్రచురించాడు. మరుసటి ఏడు నాలుగో జార్జ్ రాజు ఎదుట బండిని నడిపి చూపించాడు. అప్పట్లో రహదారి సుంకం గుర్రాల లెక్కన వసూలు చేసేవారు. గుర్రమే లేని ఈ బండికి సుంకమూ లేదు!

అయితే పోకాక్ మనసంతా గాలిపటాల మీదే లేదు. గుడికి రాని పేదలకు సువార్త ఎలా అందుతుందన్నది ఆయన భారం. 1814 నుంచి బ్రిస్టల్ చుట్టుపక్కల గుడారాలు వేసి, తోటి బోధకులతో కలిసి సువార్త ప్రకటించాడు. జనం వచ్చారు. కానీ తమ అజమాయిషీకి వెలుపల ఈ పని సాగుతోందని సంఘ పెద్దలు అభ్యంతరపెట్టారు. చివరికి 1820లో ఆయన, ఆయన సహచరులు వేరుపడి గుడార మెథడిస్టులుగా పేరుపొందారు. 1739లో అదే బ్రిస్టల్‌లో ఆరుబయట బోధించడం మొదలుపెట్టిన జాన్ వెస్లీ వారసులే, ఆరుబయట బోధించిన మనిషిని భరించలేకపోయారు.

వేరుపడ్డ గుంపు కూడా ఎక్కువ కాలం నిలవలేదు. 1830ల మొదట్లోనే చెదిరిపోయింది. గాలిపటాల బండి వాడుకలోకి రాలేదు, రైలు వచ్చేసింది. 1843లో పోకాక్ కన్నుమూసేనాటికి ఆయన చేపట్టిన రెండు పనులూ ముగిసినట్టే కనిపించాయి.

కానీ గాలి ఆగలేదు. 2008లో బెలూగా స్కైసెయిల్స్ అనే సరుకుల ఓడ ఇంజనుకు తోడు గాలిపటాన్ని కట్టుకుని అట్లాంటిక్ దాటింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో గాలిపటం లాగే పలకలపై క్రీడాకారులు సముద్రం మీద పోటీపడ్డారు.

యోహాను సువార్త 3వ అధ్యాయంలో యేసుప్రభువు నికొదేముకు ఆత్మ సంగతి చెబుతూ గాలినే ఉదాహరణగా చూపించాడు. బైబిలు రాసిన హెబ్రీ, గ్రీకు భాషల్లో గాలికీ ఆత్మకూ ఒకే మాట. గాలిని మనం పుట్టించలేం. మన చేతిలో ఉన్నది దారమే. దారాన్ని మరీ బిగిస్తే గాలిపటం లేవదు. తెగితే ఎక్కడో చెట్టుకు చిక్కుకుంటుంది. పోకాక్ చేతులకు ఈ సంగతి బాగా తెలుసు. కానీ ఆనాటి సంఘం బిగించడమే నేర్చుకుంది, ఆయన గుంపేమో దారం తెగిన పతంగి అయింది. నష్టపోయింది ఇద్దరూ.

ఈ కథ చదివినప్పుడు మేము పోకాక్ పక్షాన నిలబడాలనుకుంటాం. నిజం చెప్పాలంటే కాపరులమైన మేము చాలాసార్లు ఆ పెద్దల పక్షానే ఉన్నాం. సంఘంలో ఓ యువకుడు కొత్త ఆలోచనతో వస్తే, కమిటీ ఒప్పుకుందా అని అడుగుతాం కానీ, అతడిని కదిలిస్తున్న గాలి ఎవరిదని అడగం. అడుగుదాం. దారం వదిలేయకుండానే, కాస్త వదులు చేద్దాం. ఎగరేసేవాడు దేవుడే!