విలియం కేరీ గారు భాష నేర్చుకొనిన విధము



పరభాష నేర్చుకొనుటలో అందరి మనస్సు ఒకే రీతిగా పనిచేయదు. ఒకరికి మొదట సూత్రము కావలెను. మరియొకరికి మొదట మాట చెవిని పడవలెను. మేము వేదాంత పాఠశాలలో గ్రీకు చదివిన దినములలో పట్టికలు వల్లించి నేర్చుకొంటిమి. మా ప్రక్కన కూర్చుండిన సహోదరుడో, వాక్యములను పాటవలె పాడుకొని నేర్చుకొనెను. ఎవరి మార్గము మంచిదని మాలో మాకు వాదము కలుగుచుండెడిది. విలియం కేరీ గారి జీవితము చదివిన పిమ్మట ఆ వాదము తీరెను.

కేరీ గారు 1761 ఆగస్టు 17న ఇంగ్లండులోని పాలర్స్‌పరీ అను పల్లెలో జన్మించిరి. తండ్రి నేతపనివాడు, తరువాత ఆ ఊరి బడిపంతులాయెను. కేరీ గారు పదునాలుగేండ్ల ప్రాయమున చెప్పులు కుట్టు పని నేర్చుకొన చేరిరి. మన సంఘములలో అనేకుల పితరులు చేసిన తోలుపనియే అది. ఒకనాడు ఒక వ్యాఖ్యాన గ్రంథములో గ్రీకు మాటలు కనబడగా, వాటిని కాగితముపై దించుకొని, తన ఊరిలో చదువెరిగిన ఒక నేతగాని యొద్దకు పోయి అర్థమడిగిరి. ఇట్లు లాటిను, గ్రీకు, హెబ్రీ, డచ్చి, ఫ్రెంచి భాషలను పుస్తకముల మూలముగా నేర్చిరి. ఒక భాష సూత్రమును మరియొక భాషతో పోల్చి చూచుట ఆయన మనస్సునకు సహజము.

1793 జూనులో ఓడ యెక్కి నవంబరులో కలకత్తా చేరిరి. ఓడలో ఆయనకు బెంగాలీ నేర్పినవారు వైద్యుడైన జాన్ థామస్ గారు. ఈయన మునుపే బెంగాలులో కొన్నియేండ్లు నివసించి ఆ భాష పలుక నేర్చినవారు. కేరీ గారికి హెబ్రీ తెలియును. ఇద్దరును కలిసి ఆదికాండమును తర్జుమా చేయుచు, ఒకరి కొరతను మరియొకరు తీర్చిరి.

1794లో కేరీ గారు ముద్నాబతి అను చోట నీలిమందు కర్మాగారములో పనికి కుదిరిరి. ఆ సంవత్సరమే అయిదేండ్ల కుమారుడు పీటరు మరణించెను. భార్య డారతీ గారి మనస్సు చెదరిపోయెను. ఇంత దుఃఖములోను ఆయన మునిషీయైన రామరామ బసు గారి యొద్ద భాషాభ్యాసము విడువలేదు. అయితే ఆయన పలికిన బెంగాలీ చదువుకొనినవారికి తెలిసెను గాని, పల్లెలోని బీదలకు తెలియలేదు. సూత్రము తప్పలేదు, మాటయే వారిది కాదు. కావున పల్లెలు తిరుగుచు వారి పలుకు వినసాగిరి.

1800లో శ్రీరాంపురము చేరిరి. 1801లో బెంగాలీ క్రొత్త నిబంధన అచ్చాయెను. ఆ యేడే ఫోర్ట్ విలియం కళాశాలలో బెంగాలీ బోధకులై, తన విద్యార్థులకొరకు సంభాషణల పుస్తకమొకటి ప్రకటించిరి. అందులో కూలివారి మాటలు, బెస్తవారి మాటలు, స్త్రీల జగడములు సహా చేర్చిరి. 1812 మార్చి 11న ముద్రాశాల తగులబడి, ఏండ్ల తరబడి వ్రాసిన వ్రాతప్రతులు బూడిదయ్యెను. ఆయన మరల మొదటినుండి వ్రాయ మొదలిడిరి.

మన తెలుగునకును ఆయన 1814లో వ్యాకరణము వ్రాసిరి. 1818లో తెలుగు క్రొత్త నిబంధన శ్రీరాంపురమున అచ్చాయెను. కాని కేరీ గారు తెలుగు సీమలో ఎన్నడును కాపురముండలేదు. పండితుల సహాయమును, సూత్రమును మాత్రమే ఆధారము. ఆ తర్జుమా మన ప్రజలలో నిలువలేదు. విశాఖపట్టణము మొదలగు చోట్ల మన మధ్య నివసించిన సేవకులును ఆ పనిని చేసిరి. ఇది ఆయనను తక్కువచేయుటకు చెప్పుట లేదు. త్రోవ తెరచినవారిలో ఆయన ఒకరు. 1834 జూను 9న శ్రీరాంపురముననే ప్రభువునందు నిద్రించిరి.

ప్రియులారా, సూత్రము భాషకు ఎముక వంటిది. వినికిడి దానికి ఊపిరి వంటిది. మీ పిల్లలు బడిలో ఇంగ్లీషు గాని హిందీ గాని నేర్చుకొనునప్పుడు, ఒకడు వ్రాసి నేర్చిన, మరియొకడు పలికి నేర్చిన, ఎవనిని మందబుద్ధి యనవద్దు. ఒకని మార్గమును మరియొకనికి చూపుడి. పెంతెకొస్తు దినమున ప్రతివాడును తన సొంత భాషయందే వినెనని అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయములో చదువుచున్నాము. ఆ వరము నేడు మనకు ప్రయాసచేత, వినయముచేత కలుగుచున్నది. మేమును ప్రసంగము ముగిసిన తరువాత చదువురాని అవ్వనొకతెను, ఏమి తెలిసినది అవ్వా, అని అడుగుచున్నాము. ఆమెకు తెలియనియెడల, వచ్చే ఆదివారము మరల మొదలిడుచున్నాము.

వినుటకు చెవియు, నేర్చుకొనుటకు ఓపికయు ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.