దుగ్గిరాల గోపాలకృష్ణయ్య

దుగ్గిరాల గోపాలకృష్ణయ్య (1889 జూన్ 2 - 1928 జూన్ 10) ప్రముఖ స్వాతంత్ర్య సమరయోధుడు, వక్త, గాయకుడు మరియు జానపద కళల పోషకుడు. ఆంధ్రరత్న అనే బిరుదుతో తెలుగువారికి సుపరిచితుడు. 1921-22లో జరిగిన చీరాల-పేరాల ఉద్యమానికి ఇతడే నాయకుడు. అధిక పన్నులకు నిరసనగా ఊరి ప్రజలలో అత్యధికులు తమ ఇళ్ళను విడిచి, పొలిమేర వెలుపల పాకలు వేసుకొని, పిల్లాపాపలతో సుమారు పదకొండు నెలలు శిబిర జీవితం గడపడం ఈ ఉద్యమ విశేషం. ఆ శిబిరానికి రామనగరం అని పేరు. స్వచ్ఛంద సేవకుల దళమైన రామదండును స్థాపించినది కూడా గోపాలకృష్ణయ్యే.

బాల్యము, విద్య

గోపాలకృష్ణయ్య కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలు గ్రామంలో జన్మించాడు. ఈ గ్రామం 2022 నుండి ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. తల్లి సీతమ్మ ఇతడు పుట్టిన మూడవ రోజునే మరణించింది. తండ్రి కోదండరామస్వామి ఇతని మూడవ యేట కాలం చేశాడు. తరువాత నాయనమ్మ, పినతండ్రి ఇతనిని పెంచారు. రేపల్లె ప్రాంతంలోని కూచినపూడిలోను, గుంటూరులోను ప్రాథమిక విద్య సాగింది. చదువుకంటే పాటలపైన, నాటకాలపైన ఆసక్తి ఎక్కువగా ఉండేది. పాఠశాల విద్యార్థిగా ఉండగానే స్నేహితులను కూడగట్టి నాటక ప్రదర్శనలు ఏర్పాటు చేసేవాడు. ఉన్నత పాఠశాల పరీక్షలో ఒకసారి తప్పి, బాపట్లలో తిరిగి చదివి ఉత్తీర్ణుడయ్యాడు.

1911లో మిత్రుడు నడింపల్లి నరసింహారావుతో కలిసి స్కాట్లండు వెళ్ళి, ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివాడు. విదేశాలలో ఉన్న కాలంలోనే ప్రసిద్ధ కళావిమర్శకుడు ఆనంద కుమారస్వామితో పరిచయం కలిగింది. నాట్యంలో హస్తముద్రలను, అభినయాన్ని వివరించే నందికేశ్వరుని అభినయదర్పణాన్ని వీరిద్దరూ కలిసి ఆంగ్లంలోకి అనువదించారు. ఈ గ్రంథాన్ని 1917లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించింది. స్వదేశానికి తిరిగి వచ్చాక గోపాలకృష్ణయ్య రాజమండ్రిలోను, బందరులోను కొంతకాలం ఉపాధ్యాయుడుగా పనిచేశాడు. ఉద్యోగ జీవితంలో ఇమడలేక దానిని వదలి చీరాల చేరుకున్నాడు.

రామదండు

చీరాలలో గోపాలకృష్ణయ్య ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి అనే సంస్థను నెలకొల్పాడు. ఆ కాలంలోనే సుమారు వెయ్యి మంది స్వచ్ఛంద సేవకులతో రామదండును తీర్చిదిద్దాడు. సేవకులు కాషాయ వస్త్రాలు, మెడలో రుద్రాక్షలు, నుదుట సింధూరం ధరించేవారు. జాతీయ భావాలను ప్రజలలోనికి తీసుకుపోవడానికి వారికి తెలిసిన రాముని కథను, ఆంజనేయుని సేవాభావాన్ని ఆధారం చేసుకోవడం ఇతని పద్ధతి. ఉపన్యాసం అర్థం కాని శ్రోతకు కూడా పాట, భజన అర్థమవుతాయని ఇతడు గ్రహించాడు.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశం జరిగింది. గాంధీని చూడడానికి చుట్టుపక్కల జిల్లాల నుండి అసంఖ్యాకంగా జనం వచ్చారు. ఆ జన సమూహాన్ని అదుపులో ఉంచే బాధ్యతను రామదండు నిర్వహించి, జాతీయ నాయకుల మన్ననలు పొందింది. ఇంత జనాన్ని ఒక క్రమంలో నిలబెట్టగలిగిన అనుభవం కొద్ది వారాలలోనే చీరాలలో అక్కరకు వచ్చింది.

చీరాల-పేరాల ఉద్యమం

చీరాల, పేరాల అప్పటి గుంటూరు జిల్లాలో పక్కపక్కనే ఉన్న గ్రామాలు. (చీరాల 1970లో ఒంగోలు జిల్లాలోను, 2022లో బాపట్ల జిల్లాలోను చేరింది. ఒంగోలు జిల్లాకు 1972లో ప్రకాశం జిల్లా అని పేరు మార్చారు.) ఈ రెండింటి జనాభా కలిపి సుమారు 15,000. నివాసులలో చేనేతవారు, చిన్న వ్యాపారులు, కూలీలు ఎక్కువ. అంతవరకు ఈ గ్రామాలు యూనియన్ పాలనలో ఉండి, ఏడాదికి సుమారు నాలుగు వేల రూపాయల పన్ను చెల్లించేవి. 1919-20 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వం వీటిని కలిపి పురపాలక సంఘంగా మార్చాలని నిర్ణయించింది. దీనివలన పన్నులు అనేక రెట్లు పెరిగే పరిస్థితి ఏర్పడింది. నేతపనితో రోజులు గడుపుకొనే కుటుంబాలకు అది మోయలేని భారం.

ప్రజలు ముందుగా విజ్ఞాపన పత్రాలు పంపుకున్నారు. ప్రభుత్వం వాటిని పట్టించుకోలేదు. పురపాలక సంఘ సభ్యులు రాజీనామా చేయగా, ప్రభుత్వం జీతం ఇచ్చి ఒక అధ్యక్షుని నియమించి పాలన కొనసాగించింది. ప్రజలు పన్ను కట్టడానికి నిరాకరించారు. పన్ను కట్టనివారిపై కేసులు పెట్టి జైలుకు పంపారు. శిక్ష పడినవారిలో ఒక స్త్రీ కూడా ఉండడం ప్రజలను మరింత కదిలించింది. పానగల్ రాజా స్థానిక స్వపరిపాలన శాఖ మంత్రిగా ఉన్న కాలంలో కూడా ఈ నిర్ణయం మారలేదు.

బెజవాడ సమావేశం ముగిసిన తరువాత, 1921 ఏప్రిల్ 6న గాంధీ చీరాల వచ్చాడు. గోపాలకృష్ణయ్య ఆయనతో ఊరి సమస్యను చర్చించాడు. గాంధీ రెండు మార్గాలు సూచించాడు. మొదటిది, ఊరిలోనే ఉండి ఎంతటి కష్టం వచ్చినా చేయి ఎత్తకుండా పన్ను నిరాకరణ సాగించడం. రెండవది, పురపాలక సంఘపు హద్దులు దాటి ఊరినే విడిచిపోవడం. కాంగ్రెసు పేరుమీద గాక, ప్రజలు తమ సొంత బలం మీదనే ఆధారపడి ఈ పని చేయాలని కూడా ఆయన స్పష్టం చేశాడు. ప్రజలు రెండవ మార్గాన్ని ఎంచుకున్నారు.

రామనగరం

1921 వేసవిలో చీరాల, పేరాల ప్రజలు ఇళ్ళకు తాళాలు వేసి బయలుదేరారు. మొత్తం 15,000 మందిలో సుమారు 13,000 మంది ఊరు విడిచారని అంచనా. హద్దుల వెలుపల తాటాకులతో, వెదుళ్ళతో పాకలు లేచాయి. శ్రీరాముని వెంట అయోధ్య ప్రజలు కదలి వెళ్ళిన ఘట్టం తెలియని తెలుగు కుటుంబం ఉండదు గనుక, రామనగరం అన్న పేరు వారికి తాము చేస్తున్న పనిని సులభంగా వివరించింది.

ఊరు విడవడం అనేది అందరికీ ఒకే రకమైన కష్టం కాదు. కూలికి వెళ్ళేవాడు పాక నుండి కూడా కూలికి వెళ్ళగలడు. చేనేత కుటుంబానికి మాత్రం ఇల్లే పనిచోటు. గుంట మగ్గాన్ని ఇంటిలో నేల తవ్వి అమరుస్తారు. పడుగు తోడడానికి వీధి పొడవునా చోటు కావాలి. ఇంటిలోని స్త్రీలు, పిల్లలు, వృద్ధులు అందరూ నూలు పనిలో పాలు పంచుకుంటారు. అటువంటి ఇంటికి తాళం వేయడం అంటే జీవనాధారాన్ని కదిలించడమే. మగ్గాన్ని మళ్ళీ నిలబెట్టుకొనే వరకు నేతగానికి సంపాదన ఉండదు. ఈ కారణం చేత చీరాల వలసలో ప్రతి కుటుంబం చెల్లించిన మూల్యం, అది తప్పించుకోదలచిన పన్ను కంటే చిన్నది కాదు.

శిబిర పాలన కోసం గోపాలకృష్ణయ్య కొన్ని ఏర్పాట్లు చేశాడు. ప్రతి కులం నుండి ఎన్నికైన ప్రతినిధులతో ఒక సభ ఏర్పడింది. తగవులు తీర్చడానికి మధ్యవర్తుల న్యాయస్థానం పనిచేసింది. కాపలా, పారిశుధ్యం, రోగుల సేవ వంటి పనులలో రామదండు సేవకులు తోడ్పడ్డారు. సాయంకాలాలలో భజనలు, పురాణ కాలక్షేపం సాగేవి. ఇవి కేవలం వినోదం కోసం కాదు. రాత్రి పూట కొత్త చోట, వెలుతురు లేని పాకలలో, రేపటి సంపాదన ఏమిటో తెలియని కుటుంబాలకు ధైర్యం నిలబెట్టే సాధనాలు. ఊరిలో వేరువేరు వీధులలో ఉండే కులాల వారు ఇక్కడ ఒకే కష్టానికి పాలివారయ్యారు.

ఈ శిబిరం ఒక ఋతువుకు పరిమితం కాలేదు. రోహిణి కార్తె ఎండలు, తొలకరి వానలు, ఆశ్వయుజ కార్తీక మాసాలలో తీరప్రాంతానికి తప్పని తుఫానుల భయం, ఆపైన చలికాలం అన్నీ పాకలలోనే గడిచాయి. గాంధీ తన యంగ్ ఇండియా పత్రికలో చీరాల-పేరాల ప్రజల త్యాగాన్ని ప్రశంసించాడు. దీనితో ఈ చిన్న ఊరి పేరు దేశమంతటా తెలిసింది.

నిర్బంధం, ఉద్యమ విరమణ

శిబిరం నిలబడడానికి ధాన్యం, డబ్బు కావాలి. కాంగ్రెసు అధికారికంగా తలకెత్తుకోని ఉద్యమం కావడంతో విరాళాల సేకరణ భారం ప్రధానంగా గోపాలకృష్ణయ్య మీదనే పడింది. ఇందుకోసం ఊరూరా తిరిగాడు. 1921 చివరి భాగంలో బరంపురం వెళ్ళినప్పుడు అక్కడ ప్రసంగించరాదని అధికారులు ఆంక్ష విధించారు. దానిని ధిక్కరించినందుకు ఇతనిని నిర్బంధించి, ఒక సంవత్సరం శిక్ష విధించి, తిరుచిరాపల్లి జైలుకు పంపారు.

నాయకుడు లేని శిబిరంలో ఇబ్బందులు పెరిగాయి. విరాళాలు తగ్గాయి. చౌరీచౌరా సంఘటన తరువాత 1922 ఫిబ్రవరిలో గాంధీ సహాయ నిరాకరణోద్యమాన్ని నిలిపివేశాడు. సుమారు పదకొండు నెలల శిబిర జీవితం తరువాత ప్రజలు తిరిగి తమ ఇళ్ళకు చేరుకున్నారు. ఏ పురపాలక సంఘాన్ని రద్దు చేయించడానికి ఊరు విడిచారో, ఆ లక్ష్యం అప్పటికి నెరవేరలేదు.

ఉద్యమ ప్రాముఖ్యత

అదే కాలంలో గుంటూరు జిల్లాలో మరి రెండు పోరాటాలు జరిగాయి. అవి పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో పెదనందిపాడు ప్రాంతపు పన్నుల నిరాకరణోద్యమం, పల్నాటి అటవీ సత్యాగ్రహం. ఈ రెండింటిలోనూ ప్రజలు తమ ఊళ్ళలో ఉండే పోరాడారు. చీరాల-పేరాల ఉద్యమం మాత్రం నివాసాన్నే ఆయుధంగా మార్చింది. పన్ను వేయడానికి మనుషులు లేనప్పుడు పురపాలక సంఘానికి అర్థం లేదన్నది దీని తర్కం.

కుటుంబాలు కలిసి శిబిర జీవితం గడపడం సత్యాగ్రహ చరిత్రలో అంతకుముందు కూడా ఉంది. 1910లో దక్షిణాఫ్రికాలోని జోహాన్నెస్‌బర్గ్ సమీపంలో, కాలెన్‌బాక్ ఇచ్చిన సుమారు 1,100 ఎకరాల భూమిలో గాంధీ టాల్‌స్టాయ్ క్షేత్రాన్ని నెలకొల్పాడు. జైలుకు వెళ్ళిన సత్యాగ్రహుల కుటుంబాలు అక్కడ తక్కువ ఖర్చుతో, తమ పనులు తాము చేసుకొంటూ జీవించాయి. చీరాల తరువాత, 1930లో గుజరాత్‌లోని బార్డోలీ ప్రాంతపు రైతులు శిస్తు చెల్లించక పక్కనున్న బరోడా సంస్థానంలోకి వలసపోయి తాత్కాలిక నివాసాలలో గడిపారు. అయితే టాల్‌స్టాయ్ క్షేత్రంలో ఉన్నవి కొద్ది కుటుంబాలు మాత్రమే. చీరాలలో కదిలినది దాదాపు ఒక పట్టణం.

రామనగరం అనుభవం శిబిర జీవితపు బలాన్ని, పరిమితిని రెండింటినీ చూపిస్తుంది. ఇంటి గోడలు, వీధి హద్దులు తొలగినప్పుడు కుటుంబాలు ఒకదానికొకటి దగ్గరయ్యాయి. నీరు, కాపలా, తగవుల పరిష్కారం వంటి పనులను ప్రభుత్వం లేకుండానే తాము నిర్వహించుకోగలమని ప్రజలు తెలుసుకున్నారు. స్వపరిపాలన అన్న మాట వారికి పదకొండు నెలల పాటు నిత్యానుభవమైంది. మరొకవైపు, ఎంతటి పట్టుదల ఉన్నా ఆదాయం ఆగిన కుటుంబం బయటి సహాయం లేకుండా ఎక్కువ కాలం నిలవలేదని కూడా ఇదే శిబిరం నిరూపించింది. ఒక్క నాయకుని చుట్టూ అల్లుకున్న ఏర్పాటు ఆ నాయకుడు జైలుకు వెళ్ళగానే బలహీనపడింది.

కళాసేవ

గోపాలకృష్ణయ్య రాజకీయాలను, కళలను వేరుగా చూడలేదు. తోలుబొమ్మలాటలు, జముకుల కథలు, వీధి భాగవతాలు, గొల్ల కలాపాలు, పగటి వేషాలు వంటి జానపద కళారూపాలను ప్రోత్సహించాడు. చదువుకున్నవారు వీటిని చిన్నచూపు చూస్తున్న కాలంలో, విదేశీ విశ్వవిద్యాలయ పట్టా పొందిన వ్యక్తి వీటికి గౌరవం కల్పించడం విశేషం. ఇతని సంభాషణలో హాస్యం, చమత్కారం తొణికిసలాడేవి. సభలలో ఆశువుగా పద్యాలు చెప్పి, పాడి శ్రోతలను ఆకట్టుకొనేవాడు.

చివరి రోజులు

జైలు నుండి విడుదలైన తరువాత గోపాలకృష్ణయ్య కాంగ్రెసు కార్యక్రమాలలో పాల్గొంటూనే ఉన్నాడు. కాని ఉద్యమం కోసం సర్వం వెచ్చించడం వలన ఆర్థికంగా చితికిపోయాడు. క్షయ వ్యాధి సోకి ఆరోగ్యం క్షీణించింది. చివరి రోజులు పేదరికంలోనే గడిచాయి. 1928 జూన్ 10న, 39 సంవత్సరాల వయసులో మరణించాడు.

విజయవాడలోని కాంగ్రెసు కార్యాలయానికి ఇతని జ్ఞాపకార్థం ఆంధ్రరత్న భవన్ అని పేరు పెట్టారు. చీరాల-పేరాల ఉద్యమం ఆంధ్రదేశ స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో ఒక ప్రధాన ఘట్టంగా నిలిచిపోయింది.