అజ్ఞాత పదార్థాల అన్వేషి: డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు

మా శ్రీరాంపూర్ ప్రాంతంలో బొగ్గు మండుట చూడని విద్యార్థి ఉండడు. మండిన పిదప మిగిలే బూడిదను అందరమూ చూస్తాము. గాలిలో కలిసిపోయిన భాగాన్ని ఎవరమూ లెక్కింపము. రసాయన శాస్త్రజ్ఞునికి ఆ కలిసిపోయినదే ప్రధానం. అజ్ఞాత పదార్థాన్ని ఆమ్లజనిలో దహనం చేస్తే అందలి కర్బనం బొగ్గుపులుసు వాయువుగాను, ఉదజని నీటి ఆవిరిగాను వెలువడతాయి. వాటిని పట్టి తూచగలిగితే ఆ పదార్థపు ఫార్ములాకు దారి దొరుకుతుంది. 1831లో జర్మన్ శాస్త్రజ్ఞుడు లీబిగ్ క్షారద్రావణం నింపిన అయిదు గాజుబుడ్డీల పరికరంతో ఈ తూనికను సులభతరం చేశాడు. ఇట్టి లెక్కలతోనే జీవితం గడిపిన ఒక తెలుగువాని చరిత్రను విద్యార్థుల ముందుంచ దలచాము.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురియై, ఎం.బి.బి.ఎస్. బదులు అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టంతో బయటపడ్డారు. సోదరుడు పురుషోత్తం స్ప్రూ అనే వ్యాధికి బలి అయ్యారు. అన్నము ఒంటబట్టనీయక, రక్తాన్ని క్షీణింపజేసే ఆ రోగానికి అప్పటికి తగిన మందు లేదు. 1922 అక్టోబరులో బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రివేళ చిన్న ఉద్యోగం చేస్తూ హార్వర్డులో చదువు సాగించారు.

అచ్చట ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి 1925లో భాస్వరాన్ని నీలివర్ణపు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని ప్రకటించారు. కండరపు రసాన్ని ఆ పద్ధతిలో పరీక్షించగా నీలిరంగు వెంటనే పూర్తిగా రాక, క్రమంగా పెరగసాగింది. మరొకరైతే పరికరం చెడినదని ఊరకుండేవారేమో! భాస్వరం దేనితోనో కలిసి ఉండి మెల్లగా విడివడుతున్నదని వీరు గ్రహించారు. ఒక పాలు క్రియాటిన్‌కు ఒక పాలు భాస్వరం అని 1927లో తేల్చారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1929లో కండరం నుండి ఏ.టి.పి.ని కూడా వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ కూడా దానిని కనుగొన్నాడు. ఇంత చేసినా హార్వర్డులో వారికి స్థిరమైన అధ్యాపక పదవి దక్కలేదు. ఇది వారికి జరిగిన అన్యాయమని మా అభిప్రాయం.

1940లో లెడర్లీ ప్రయోగశాలలకు మారి అచ్చటి పరిశోధనకు నాయకత్వం వహించారు. కాలేయంలో రక్తవృద్ధికి తోడ్పడే ఒక పదార్థమున్నదని తెలుసు, అదేమిటో తెలియదు. అదే ఫోలిక్ ఆమ్లం. దాని ఫార్ములా లెక్కను ఇచ్చట చేసి చూపుతాము. మేము తెలుగు ఉపన్యాసకులమే గనుక దీనిని రసాయన శాస్త్ర శాఖలోని మిత్రులు సరిచూచారు.

ఫోలిక్ ఆమ్లం 100 మిల్లీగ్రాములు దహనం చేస్తే 189.4 మిల్లీగ్రాముల బొగ్గుపులుసు వాయువు, 38.8 మిల్లీగ్రాముల నీరు రావలెను. ఆ వాయువులో ప్రతి 44 పాళ్లకు 12 పాళ్లు కర్బనం గనుక కర్బనం 51.7, నీటిలో ప్రతి 18 పాళ్లకు 2 పాళ్లు ఉదజని గనుక ఉదజని 4.3. నత్రజనిని వేరుగా కొలిస్తే 22.2. మిగిలిన 21.8 ఆమ్లజని. వీటిని వరుసగా 12, 1, 14, 16 అనే పరమాణు భారాలతో భాగిస్తే 4.31, 4.3, 1.59, 1.36 వస్తాయి. అన్నిటినీ కనిష్ఠమైన 1.36తో భాగిస్తే 3.17, 3.16, 1.17, 1. పరమాణువులలో భిన్నాలుండవు గనుక ఆరుతో హెచ్చించగా కర్బనం 19, ఉదజని 19, నత్రజని 7, ఆమ్లజని 6 అని తేలుతుంది. అణుభారం 441 అని తెలిస్తే ఇదే అణు ఫార్ములా.

అయితే సంఖ్యలు తెలిసినంత మాత్రాన పరమాణువుల అమరిక తెలియదు. అణువును ముక్కలు చేసి, ప్రతి ముక్కనూ గుర్తించి, తిరిగి కూర్చి చూడవలెను. 1945లో లెడర్లీ బృందం ఆ కూర్పును సాధించింది. పురుషోత్తంను బలిగొన్న స్ప్రూ వ్యాధిగ్రస్తులకు ఆ మందు అనతికాలంలోనే అందింది.

ఆ అణువులో ఒక హైడ్రాక్సిల్ స్థానంలో ఒక ఎమైనో సముదాయాన్ని నిలిపితే ఫార్ములాలో ఉదజని 20, నత్రజని 8, ఆమ్లజని 5 అవుతాయి. ఆ పదార్థమే అమైనోప్టెరిన్. రక్తపు కాన్సరుతో బాధపడే పసిపిల్లలకు బోస్టన్ వైద్యుడు ఫార్బర్ దానిని ఇవ్వగా, కొందరికి తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగినట్లు 1948 జూన్‌లో ప్రకటించాడు. ఆ ఆగస్టులోనే, 53 ఏళ్ల వయస్సున, సుబ్బారావుగారు న్యూయార్కులో కన్నుమూశారు.