బొమ్మలతో ఆలోచన నేర్పిన ఆచార్యుడు – కొమేనియస్

అర్థం తెలియకపోయినా పాఠం కంఠస్థం చేయుటే విద్య అని భావించిన కాలంలో, బాలుర ముందు బొమ్మనుంచి చూచి చెప్పమన్న మహనీయుడు జాన్ ఆమోస్ కొమేనియస్. 1592లో మొరావియాలో జన్మించిన ఆయన బాల్యంలోనే తల్లిదండ్రులను కోల్పోయారు. పదునారేండ్ల ప్రాయంలో గాని లాటిన్ పాఠశాలలో చేరలేదు. వయస్సు వచ్చి చేరినందుననే కాబోలు, అచటి వల్లెవేతలోని వ్యర్థత ఆయనకు స్పష్టంగా కనిపించింది.

1618లో ఆరంభమైన ముప్పై సంవత్సరాల యుద్ధం ఆయన జీవితాన్ని ఛిన్నాభిన్నం చేసింది. భార్య, ఇద్దరు బిడ్డలు మహమ్మారికి బలయ్యారు. మతకారణాన 1628లో స్వదేశం విడిచి పోలెండ్‌లోని లెష్నో పట్టణం చేరారు. 1656లో ఆ పట్టణం కూడ దగ్ధమై, దశాబ్దాలుగా కూర్చిన చెక్ భాషా నిఘంటువు వ్రాతప్రతి బూడిదయింది.

ఇన్ని కష్టాల నడుమ, హంగెరీలో బోధించిన 1650–54 కాలంలో సిద్ధపరచిన గ్రంథమే 'ఆర్బిస్ పిక్టస్'. 1658లో న్యూరెంబర్గ్‌లో అచ్చయింది. ఇందులో నూట యాభై అధ్యాయాలు. వాటికి చెక్కదిమ్మెలతో అచ్చొత్తిన బొమ్మలు. బొమ్మలోని ఒక్కొక్క వస్తువుకు ఒక అంకె. క్రింద లాటిన్, జర్మన్ వాక్యాలలో అదే అంకె. రెండు భాషల నడుమ పెరిగే మనబోటి వారికి ఈ ఏర్పాటు ఎంత ఉపకరించేదో! విద్యార్థి మాటను నమ్మి ఊరుకోడు. అంకె పట్టుకొని బొమ్మలో వెదుకుతాడు, సరిచూస్తాడు. ఇష్టమైతే ఆ బొమ్మను తానే గీయవచ్చును. కంటికి కనిపించని ఆత్మను సైతం ఆయన చుక్కలతో గీచిన మానవాకృతిగా చూపించారు. అది నిజముగా ఆత్మ రూపమేనా అని ఏ బాలుడైనా అడుగక మానడు.

ఇస్లాంను గూర్చిన అధ్యాయం మాత్రం నాటి ఐరోపా దురభిప్రాయాలతో నిండియున్నది. దీనిని మనం దాచవలసిన పని లేదు. పరుల మాటపై గాక స్వయంగా చూచి తెలిసికొనుమని బోధించిన వారే ఇచట వినికిడిని చిత్రించారు. ఆ పుటను చింపివేయుట కంటె, ఇందులో చూచినదెంత, విన్నదెంత అని తరగతిలో ప్రశ్నించుటే మేలని మా అభిప్రాయం.

మరుసటి సంవత్సరమే, అనగా 1659లో, ఆ గ్రంథం ఆంగ్లంలోనికి వచ్చింది. కొమేనియస్ కడపటి సంవత్సరాలు ఆమ్‌స్టర్‌డామ్‌లో గడిపి 1670లో కన్నుమూశారు. ఆయన సమాధి హాలెండ్‌లోని నార్డెన్‌లో ఉన్నది.